ఇంటికి వచ్చిన జాగిలపుపిల్ల – శరణాగతధర్మము

వైష్ణవ గృహస్థులలో కొందరు ఈ మధ్య ఒక సందేహమును వెలిబుచ్చుచున్నారు. "మా పిల్లలు జాగిలపుపిల్ల నొకదానిని తెచ్చి పెంచవలెనని పట్టుబట్టుచున్నారు. నిత్యారాధనము జరుగు ఇంట, సాలగ్రామమున్న ఇంట కుక్కను పెంచవచ్చునా? పెంచినచో ఆచారమునకు లోపము రాదా?" అని వారి ప్రశ్న. ఇది చిన్న ప్రశ్నగా తోచును. విచారించినచో ఇందులో మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. మొదటిది శౌచమునకు సంబంధించినది. రెండవది మమకారమునకు సంబంధించినది. మూడవది అన్నిటికంటె బరువైనది. ఒక ప్రాణిని దాని తల్లి కడనుండి విడదీసి మన ఇంటికి తెచ్చుకొనుట యనగా నేమి, దానివలన మనకు సంక్రమించు ఋణమెట్టిది యనునది. మొదటి రెంటిని అందరును అడుగుదురు. మూడవదానిని అడుగువారు తక్కువ. అడుగకపోవుటచేతనే అనర్థములు కలుగుచున్నవి.

శాస్త్రములలో శునకము

శునకమును మన పెద్దలు హేయమైన జంతువుగా మాత్రమే చూచిరని కొందరి యభిప్రాయము. అది సమగ్రము కాదు. ఋగ్వేదము పదవ మండలమున సరమ యను దేవశుని వృత్తాంతము కలదు. పణులు దాచిన గోవులను వెదకుటకై ఆమె ఇంద్రుని దూతగా రసానదిని దాటిపోయినది. పణులు ఆమెను సోదరిగా చేసికొందుమనిరి, గోవులలో భాగమిత్తుమనిరి. ఆమె ఆ ప్రలోభమునకు లోబడలేదు. శునకజాతికి విశ్వాసము సహజగుణమని లోకము చెప్పుకొనుటకు మూలము అంత ప్రాచీనమైనది.

మహాభారతము ఆదిపర్వమున ఆ సరమయే మరల కనబడును. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా ఆమె పిల్ల యొకటి అచటికి వచ్చినది. రాజసోదరులు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లియొద్దకు పోయినది. తల్లి వెంటనే నిందకు దిగలేదు, "నీవేమైన అపరాధము చేసితివా?" యని ముందుగా బిడ్డనే అడిగినది. హవిస్సును తాకలేదు, కనీసము దానివంక చూడనైనను లేదని పిల్ల చెప్పిన పిమ్మట ఆమె యజ్ఞశాలకు వచ్చి రాజును నిలదీసినది. నిరపరాధిని హింసించినందులకు నీకు కనబడని భయము కలుగునని శపించినది. నన్నయభట్టారకుడు ఈ కథను తెనుగున చెప్పి మనకు అందించెను. అంతటి చక్రవర్తి ఆ మాటకు కలతచెంది, దాని శాంతికై తగిన పురోహితుని వెదకికొనవలసివచ్చెను. యజ్ఞవాటికలో నైనను నోరులేని పిల్లపై అకారణముగా చేయిచేసికొనుట పాపమేయని ఇతిహాసము తన మొదటనే చెప్పినది.

రాజగృహములలో జాగిలములను పెంచుట కూడ క్రొత్త కాదు. శ్రీమద్రామాయణము అయోధ్యాకాండమున కేకయరాజు భరతునకిచ్చిన కానుకలలో అంతఃపురమున పెంచబడిన, పులులవంటి బలము గల, పెద్దదేహముల శునకములు చెప్పబడినవి. ఇక గృహస్థులకు విధింపబడిన వైశ్వదేవములో శునకములకు బలి యిడుట కలదు. శ్యామశబలుల పేర్లు ఆ సందర్భమున స్మరింపబడును. గృహస్థుడు తాను భుజించుటకు ముందు కుక్కకు ఒక ముద్ద వేరుచేయవలెనని చెప్పిన ధర్మము ఆ జంతువును ద్వేషింపుమని చెప్పునా?

జాగిలముల తీరు

ఇప్పుడు మన ఇండ్లకు వచ్చుచున్న జాగిలములు పలువిధములు. కర్ణాటకములో బాగల్‌కోట జిల్లాలోని ముధోళమునకు చెందిన జాగిలము ప్రసిద్ధము. ముధోళ సంస్థానాధిపతియైన మాలోజీరావు ఘోర్పడే ఆ జాతిని ఆదరించెనని చెప్పుదురు. తమిళనాట విరుధునగర్ జిల్లాలో రాజపాళయము కలదు. ఆండాళ్ అవతరించిన శ్రీవిల్లిపుత్తూరునకు యాత్ర చేసిన భక్తులు ఈ యూరి పేరు వినియే యుందురు. అది అచటికి సమీపముననే యున్నది. పూర్వము తెలుగునేల నుండి వలసపోయి అచట స్థిరపడి, నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుకొను రాజులు అచట గలరు. తెల్లని మేనును, గులాబిరంగు ముక్కును గల రాజపాళయపు జాగిలము వారి పోషణలో పేరొందినది. 2005లో భారత తపాలాశాఖ విడుదల చేసిన నాలుగు శునకజాతుల బిళ్ళలలో ముధోళమును, రాజపాళయమును చోటుచేసికొన్నవి.

జాగిలము సామాన్యముగా వాసనకంటె చూపును ఎక్కువగా నమ్ముకొని వేటాడు జాతికి చెందినది. సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడవైన కాళ్లు దానికి పరుగు కొరకే ఏర్పడినవి. కదలునది కంటబడినచో దాని వెంట పోవుట దాని స్వభావము. ఉడుతయైనను, పిల్లియైనను, పొరుగువారి కోడియైనను దానికి భేదము లేదు. అది దాని దోషము కాదు. ఎన్నో తరములుగా మనుష్యుడే ఆ గుణమును ఏరి పెంచెను. తాను నాటిన గుణమునకు తానే కోపించి దానిని కొట్టువాడు అవివేకి. జీవహింస కూడదను నియమము గల ఇంటివారు దీనిని ముందే యోచింపవలెను. ప్రహరీగోడ గల పెరడు, వీధిలోనికి తీసికొనిపోవునపుడు మెడపట్టీ, ప్రతిదినము ఉదయ సాయంకాలములందు పరుగునకు తగిన చోటు – ఇవి లేక జాగిలమును తెచ్చి, రాత్రింబవళ్లు గొలుసుతో స్తంభమునకు కట్టివేయుట మరియొక విధమైన హింస.

తెచ్చుటకు ముందు విచారము

కుక్కపిల్ల ఎనిమిది వారములైనను తల్లియొద్ద పాలు త్రాగి, తోబుట్టువులతో ఆడుకొని పెరుగవలెను. కన్నులు తెరచిన మరునాడే అమ్ముడువోవు పిల్ల బలహీనమై, భీరువై పెరుగును. తీసికొనివచ్చిన వెంటనే పశువైద్యునకు చూపి నులిపురుగుల మందును, టీకాలను వేయింపవలెను. పిచ్చికుక్క జబ్బునకు మూడవ మాసమున టీకా వేయించి, వైద్యుడు చెప్పినట్లు మరల మరల వేయించుట ఇంటిలోని పసిపిల్లల రక్షణకు కూడ అవసరము. ఆ జబ్బు లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి అరుదు. పోషణ బాగుగనున్నచో జాగిలము పది పండ్రెండేండ్లు జీవించును. పట్టుబట్టిన బాలుడు అప్పటికి చదువు కొరకో, ఉద్యోగము కొరకో దూరమున నుండును. కావున "ఈ పిల్ల ఎవరిది?" యను ప్రశ్నకు ఇంటి పెద్దలే "మాది" యని సమాధానము చెప్పగలిగిననాడు మాత్రమే దానిని తేవలెను.

ఆహారము విషయమున వైష్ణవ గృహములకు చిక్కు ఎక్కువ. మాంసము గడప దాటరాని ఇల్లు మనది. పెరుగన్నముతో మాత్రము ఎదుగుచున్న జాగిలపుపిల్లకు కండరములకును, ఎముకలకును కావలసిన బలము చాలదు. పిల్లివలె గాక, కుక్క తగిన శాకాహారముతోను బ్రతుకగలదు. కాని దానిలో ఏమేమి ఎంతెంత యుండవలెనో పశువైద్యుని అడిగి, శ్రద్ధతో ఏర్పరుపవలెను. అట్లు చేయుటకు ఓపిక లేనివారు, చేసినను పిల్ల చిక్కిపోవుచున్నదని వైద్యుడు చెప్పినపుడు వేరొక ఏర్పాటునకు సమ్మతింపలేనివారు జాగిలమును తేకుండుటయే ధర్మము. వ్రతము పట్టినది మనము. ఏకాదశినాడు మన ఇచ్ఛతో మనము ఉపవసింతుము. పిల్లచేత ఉపవాసము చేయించుటకు మనకు అధికారము లేదు. మన నియమమును నిలుపుకొనుటకై మరియొక ప్రాణి కడుపు మాడ్చినచో ఆ పుణ్యము మనకు దక్కునని ఏ శాస్త్రమును చెప్పలేదు.

ఇచట ఒక ముఖ్య విషయమును భక్తులు గమనింపవలెను. తిరుమలనుండి తెచ్చిన లడ్డూ ప్రసాదమును ప్రేమతో కుక్కకు కూడ పెట్టువారున్నారు. భావము మంచిదే. కాని లడ్డూలోని ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండములను చెరచును. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడ వాటికి విషతుల్యములు. ప్రసాదమునందు దోషము లేదు. అది మనుష్యదేహమునకు తగినట్లు సిద్ధమైనది. గీతాచార్యుడు పండితులు విద్యావినయములు గల బ్రాహ్మణునియందును, గోవునందును, ఏనుగునందును, శునకమునందును సమదృష్టి గలవారని చెప్పెను. సమదృష్టి యనగా అందరికి ఒకే విస్తరి వేయుట కాదు. ఏనుగునకు మేతయు, గోవునకు గడ్డియు, కుక్కకు దానికి సరిపడు అన్నమును పెట్టి, అందరిలోను ఒకే అంతర్యామిని దర్శించుట. అన్నమాచార్యులవారు "బ్రహ్మమొక్కటే" యను కీర్తనలో ఏనుగును, శునకమును ఒకచోట తలచినది ఈ భావముతోనే.

ఆచారము మాట

ఇక శౌచము. ఆరాధన చేయు గదిలోనికిని, మడివంట జరుగు చోటికిని శునకమును రానీయరాదు. దానిని తాకినవారు స్నానము చేసియే మడి కట్టుకొనవలెను. శ్రాద్ధదినములందు దానిని దూరముగ నుంచవలెను. ఈ నియమములను నేనేమాత్రము సడలింపుమని చెప్పను. వీటిని పాటించుట కష్టము కూడ కాదు. పిల్లకు మొదటి దినమునుండియే పంచలోనో, పెరటివైపు వసారాలోనో ఎండకును వానకును చెడని చోటు చూపి, మెత్తని గోనె పరచి, నీటిగిన్నె యుంచినచో రెండు మూడు వారములలో తన హద్దును అదియే తెలిసికొనును. జాగిలములకు వెండ్రుక పొట్టి, మేన కొవ్వు తక్కువ. చలికాలమున వాటికి కప్పు అవసరము. ఆచారము పేర ధనుర్మాసపు చలిలో వాకిట వదలివేయరాదు.

ఆచారము దేనిని ఎచట ఉంచవలెనో చెప్పును. ఎవరిని ద్వేషింపవలెనో అది చెప్పదు. మడిలో నున్నవారు తమను తాకబోయిన పిల్లను కఱ్ఱతో కొట్టినచో, స్నానముతో మరల మడి వచ్చును గాని, కొట్టిన పాపము స్నానముతో పోదు. సరమ శాపమును ఆ సమయమున స్మరింపవలెను.

భాగవతము నవమస్కంధమున రంతిదేవుని కథ కలదు. ఆ రాజు 48 దినములు అన్నపానములు లేక కృశించి, చివరకు దొరికిన ఆహారమును భుజింపబోవు సమయమున అతిథులు ఒకరి వెనుక ఒకరు వచ్చిరి. వారిలో కుక్కలతో వచ్చినవాడొకడు. తానును, తన కుక్కలును ఆకలిగొనియున్నామని అతడనగా, రంతిదేవుడు మిగిలిన అన్నమునంతయు ఇచ్చి, ఆ కుక్కలకును, వాటి యజమానికిని నమస్కరించెను. ఆ నమస్కారము వాటిలోనున్న శ్రీహరికి చెందినది. పోతనామాత్యుని భాగవతము చదువు ఇండ్లలో ఈ ఘట్టమును పిల్లలకు చెప్పి, ఆ పిమ్మటనే కుక్కపిల్లను వారి చేతికిచ్చుట మంచిది.

మమకారమను శంక

"జడభరతుని కథను మరచితిరా?" యని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ శంక సహేతుకమైనదే. రాజ్యమును తృణమువలె విడిచి తపోవనమునకు పోయిన భరతుడు ఏటిలో పడిన లేడిపిల్లను దయతో ఎత్తి పెంచెను. దానియందలి ఆసక్తిచే నియమములు ఒకటొకటిగా జారిపోయినవి. మరణకాలమున మనస్సు దానిమీదనే యుండుటచే మరుజన్మమున లేడియై పుట్టెను. అట్లైనచో జంతుపోషణము మోక్షవిరోధి కాదా?

ఈ కథను నిదానముగా చదువవలెను. నీటిలో కొట్టుకొనిపోవుచున్న పిల్లను ఎత్తినది దోషమని భాగవతము చెప్పలేదు. ఎత్తక చూచుచు ఊరకున్నచో అతడు భాగవతుడే కాడు. ఆరాధనము క్రమముగా తప్పిపోవుట, "ఇది నాది, నేను లేనిదే ఇది లేదు" అను భావము పెరుగుట – ఇవి అతనిని క్రిందికి లాగినవి. రక్షకుడు తానేయని అతడు తలచెను. సర్వరక్షకుడైన నారాయణుడు ఆ పిల్లకు కూడ రక్షకుడని మరచెను. కావున మందు దయను మానుటలో లేదు. ఆరాధనమును మానకుండుటలో నున్నది. ఉదయమున స్వామికి నివేదన జరిగిన పిమ్మట, "ఈ ప్రాణి నీది, దీని సేవ నీ కైంకర్యములో ఒక భాగము" అని తలచి దాని గిన్నెలో అన్నము పెట్టువానికి ఆ పోషణము బంధము కానేరదు. తన ఠీవిని నలుగురికి చూపుటకు వేలకొలది రూపాయలు పోసి జాగిలమును కొని, దాని జాతిని చెప్పుకొని గర్వించువానికి మాత్రము అది బంధమే.

విడువరాని వ్రతము

ఇప్పుడు మూడవ ప్రశ్న. మహాప్రస్థానమున ద్రౌపదియు, తమ్ములును పడిపోయిన పిమ్మట ధర్మరాజు వెంట మిగిలినది ఒక్క కుక్క. ఇంద్రుడు రథముతో వచ్చి ఎక్కుమనెను, కుక్కను విడువుమనెను. కుక్కలను చేరదీసినవారికి స్వర్గమున చోటు లేదనియు, వారి ఇష్టాపూర్తముల ఫలమును క్రోధవశులనువారు హరింతురనియు చెప్పెను. మన ఆచారపరుల శంకను సాక్షాత్తుగా ఇంద్రుడే పలికినాడన్నమాట. ధర్మరాజు ఆ నియమమును కాదనలేదు, తర్కింపలేదు. భక్తుని విడుచుట బ్రహ్మహత్యతో సమానమైన పాపము గనుక, స్వర్గము కొరకైనను దీనిని విడువనని చెప్పెను. "తమ్ములను విడిచివచ్చితివి గదా, కుక్కను విడువలేవా?" యని ఇంద్రుడు గుచ్చి యడుగగా, మరణించినవారిని బ్రతికింపజాలక విడిచితిని గాని, బ్రతికియుండగా విడువలేదని బదులిచ్చెను. అప్పుడు ఆ శునకము ధర్మదేవతయై నిలిచెను.

ఇచట కైముతికన్యాయమును అన్వయింపవలెను. ఆ కుక్కను ధర్మరాజు పిలువలేదు, కొనలేదు. అది తానై వెంట వచ్చినది. పిలువక వచ్చినదానినే విడువరాదన్నచో, తల్లి యొడినుండి మనము ఎత్తి తెచ్చినదానిని విడువరాదని వేరుగ చెప్పవలెనా? జాగిలము పెరిగి పెద్దదైనదనియో, పాదుకలు కొరికినదనియో, అద్దె ఇంటివారు ఒప్పుకొనలేదనియో రాత్రివేళ ఊరిబయట దింపి వచ్చువారున్నారు. "పుణ్యక్షేత్రమున విడిచితిమి, ఎవరో ఒకరు అన్నము పెట్టుదురు" అని సమాధానపడువారును ఉన్నారు. వీధికుక్కలు ఇంట పెరిగినదానిని తమలో చేరనీయవు. వాహనముల నుండి తప్పుకొనుట దానికి తెలియదు. అది వచ్చిపోవు ప్రతి మనిషి ముఖములోను తన వారిని వెదకుచుండును. రాజపాళయపు పిల్లలలో కొన్ని పుట్టుచెవుడుతో జన్మించుట కలదు. అట్టిదానిని పనికిరాదని పారవేయుట మరింత ఘోరము; చేతి సైగలతో దానికి అన్నియు నేర్పవచ్చును. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును విడిచివేయుట శిక్షార్హము. చట్టము కంటె ముందు మన సంప్రదాయమే దానిని నిషేధించినది. విభీషణుడు వచ్చినపుడు శరణన్నవానిని విడువనని శ్రీరామచంద్రుడు వ్రతము చెప్పెను. ఆ వ్రతమును నమ్ముకొని బ్రతుకు ప్రపన్నులము మనము. మనలను విడువవద్దని ప్రతిదినము స్వామిని వేడుకొనుచు, మనలను నమ్మినదానిని మనము విడుచుట ఎట్లు పొసగును?

ఇతర పనులవలన పోషణము తప్పు సందర్భములు కూడ కలవు. యాత్రలు అట్టివి. చైతన్యచరితామృతమున శివానందసేనుడను భక్తుని కథ కలదు. వంగదేశమునుండి పూరీకి పోవు యాత్రికుల వెంట ఒక కుక్క వచ్చుచుండగా ఆయన దానికి అన్నము పెట్టించుచుండెను. ఏటిదరి పడవవాడు కుక్కను ఎక్కించుకొననన్నపుడు దాని కొరకు వేరుగ పది పణముల గవ్వలు చెల్లించెను. ఒకనాటి రాత్రి సేవకుడు దానికి అన్నము పెట్టుట మరచెను. కుక్క కనబడలేదు. శివానందుడు పదిమందిని పంపి వెదకించి, అది దొరకక, తాను ఉపవసించెను. పూరీ చేరిన పిమ్మట చూడగా ఆ కుక్క చైతన్యమహాప్రభువు పెట్టు కొబ్బరిని తినుచు ఆయన సన్నిధిలో కూర్చుండియుండెను. ఆయన తప్పును సేవకునిపై నెట్టక తానే ఉపవసించుట ఈ కథలో గ్రహింపవలసిన విషయము. మనము తిరుమలకో, శ్రీరంగమునకో బయలుదేరునపుడు కుక్కను ఎవరికి అప్పగించితిమో, వారు వేళకు పెట్టుదురో లేదో నిశ్చయించుకొనుట కూడ యాత్రాసంకల్పములో భాగమే.

కావున అడిగిన గృహస్థులకు నా సమాధానమిది. తేవచ్చునా యని పదిసార్లు యోచింపుడు. చోటు, వేళ, ఓపిక, ధనము వీటిలో ఏది చాలకున్నను, వైశ్వదేవమున చెప్పినట్లు వాకిటికి వచ్చిన కుక్కకు ఒక ముద్ద పెట్టి తృప్తిపడుడు; అదియును ధర్మమే. అన్నియు చాలునని తోచి తెచ్చినచో, ఆ దినమునుండి యోచన ముగిసినట్లు భావింపుడు. అది ముసలిదై, చూపు తగ్గి, వాకిలి దాకయైనను నడువలేని దినము వచ్చును. పరుగెత్తలేని జాగిలము ఎవరికిని పనికిరాదని లోకము అనును. ఆనాడు దాని గిన్నెలో నీరు పోసి, దానిప్రక్క కాసేపు కూర్చుండి, దాని చెవిలో స్వామి నామమును పలుకువాడు ధర్మరాజు నడచిన బాటను నడచినవాడగును. అట్టి దృఢబుద్ధిని శ్రీనివాసుడు మనకెల్లరకు ప్రసాదించుగాక.